హైదరాబాదు నుంచి షికాగో ఎంత దూరం? ఎన్ని గంటలు?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "అమెరికా యాత్రా విశేషాలు" చెప్పమన్నారు. నేను మూడుసార్లు వెళ్లి వచ్చిన మాట నిజమే. కాని ఆ విశేషాలు నేను చెప్పను. నయాగరా జలపాతం ముందు రెయిన్‌కోటు వేసుకుని నిలబడిన ఫొటో ఈ హాలులో సగం మంది ఇళ్లలో టీవీ పక్కనే ఉంటుంది. ఆ కథ ఇంకొకసారి వినే ఓపిక మీకుండదు, చెప్పే ఓపిక నాకూ లేదు. నేను ముప్పై ఆరేళ్లు ట్రెజరీలో పనిచేసినవాణ్ణి. నాకు చేతనయింది లెక్క ఒక్కటే. అందుచేత దూరం గురించి, గంటల గురించి మాత్రమే మనవి చేస్తాను.

మనలో చాలామంది టి.ఏ. బిల్లులు రాసినవాళ్లే. రాసినవాళ్లు మీరు, కోత పెట్టినవాణ్ణి నేను. ఇప్పటికీ కొందరి కళ్లలో ఆ కోపం కనిపిస్తూనే ఉంది! టి.ఏ. నిబంధనల్లో ఒక మాట మీకు గుర్తుండాలి. ఒక చోటు నుంచి ఇంకో చోటికి రెండు మూడు దారులున్నప్పుడు అతి దగ్గర దారినే ప్రయాణం చేసినట్టు లెక్క కట్టాలి. మీరు చుట్టూ తిరిగి చుట్టాలింటికి వెళ్లి వచ్చినా సరే, బిల్లు మాత్రం దగ్గర దారికే. ఆకాశంలో కూడా ఇంచుమించు ఇదే నిబంధన. అయితే అక్కడ ఏది దగ్గర దారో గోడ మీది పటం చూసి చెప్పలేము. చిక్కంతా అక్కడే ఉంది.

గోడ మీది ప్రపంచ పటం తీసుకుని హైదరాబాదు నుంచి షికాగోకు స్కేలు పెట్టి గీత గీయండి. గీత పడమటికి పోతుంది. అరేబియా, ఈజిప్టు, సహారా ఎడారి, అట్లాంటిక్ మహాసముద్రం, ఆ తరువాత అమెరికా. ఆ గీత వెంట విమానం పోతే సుమారు 16,100 కిలోమీటర్లు అవుతుంది. అసలు దగ్గర దారి ఎంతో తెలుసా? సుమారు 13,280 కిలోమీటర్లు. అంటే 2,800 కిలోమీటర్ల పైచిలుకు ఆదా. హైదరాబాదు నుంచి ఢిల్లీకి వెళ్లి తిరిగి వచ్చినంత దూరం, ఇంకా కొంత మిగులు కూడా.

ఆ దగ్గర దారి ఎటు పోతుందంటే, మీరు నమ్మరు, దాదాపు ఉత్తరానికి పోతుంది. శంషాబాదులో లేచిన విమానం ఢిల్లీకి కాస్త పడమరగా, కాశ్మీరం, పామీరు పర్వతాల మీదుగా కజకిస్తాన్‌కు, అక్కణ్ణించి రష్యాలో ఉరల్ పర్వతాల దగ్గరికి, ఆపైన ఆర్కిటిక్ సముద్రం మీదికి ఎక్కుతుంది. ఉత్తర ధ్రువానికి ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరంలో శిఖరం దాటి, గ్రీన్‌లాండ్ మంచు మీదుగా, కెనడాలో హడ్సన్ అఖాతం పక్కగా షికాగోకు దిగుతుంది. ఇదంతా భూమి గుండ్రంగా ఉండబట్టి. కమలాపండు తొక్క ఒలిచి బల్ల మీద పరిస్తే చిరగకుండా పరచుకోదు. గోడ పటం చేసినవాళ్లు ఆ చిరుగులు కనపడకుండా ధ్రువాల వైపు సాగదీసి అతికారు. అందుకే పటంలో గ్రీన్‌లాండ్ అంత పెద్దగా కనిపిస్తుంది. అసలైన గ్రీన్‌లాండ్ మన దేశం కంటే చిన్నది.

ఇంట్లో మనవడి గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాదు మీద, ఇంకో కొస షికాగో మీద పెట్టి బిగించి లాగండి. దారం తనంతట తానే దగ్గర దారి పట్టుకుంటుంది. 12 అంగుళాల గ్లోబు అయితే చుట్టుకొలత 37 అంగుళాల ముప్పాతిక. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అంటే అంగుళానికి సుమారు 1,060 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి షికాగోకు పన్నెండున్నర అంగుళాల దారం పడుతుంది. ఇంకో కొండగుర్తు: భూమి ఎంత పెద్దదైనా ఏ రెండు ఊళ్ల మధ్యా 20,000 కిలోమీటర్లకు మించి దగ్గర దారి ఉండదు. అంతకు మించితే అవతలి వైపు నుంచి పోవటమే దగ్గర. మధ్యలో ఎక్కడా దిగకుండా పోయే అతి పొడవైన విమాన సర్వీసులలో సింగపూరు నుంచి న్యూయార్కు పోయేదాన్ని ముందుగా చెబుతారు. అది సుమారు 15,350 కిలోమీటర్లు, పద్ధెనిమిది గంటలు దాటిన ప్రయాణం.

ఇక దారిలో మారే వాళ్ల సంగతి. "దుబాయి మీదుగా పోతే చుట్టుదారి కదండీ, మాలాంటి ముసలివాళ్లకు అంత చుట్టు ఎందుకు?" అని అడుగుతారు. లెక్క చూద్దాం. హైదరాబాదు నుంచి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు. దుబాయి నుంచి షికాగోకు 11,640. కలిపితే 14,190. అంటే చుట్టు 900 కిలోమీటర్లే, ఒక గంట ప్రయాణం. ఢిల్లీ మీదుగా పోతే అది కూడా లేదు. హైదరాబాదు నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి షికాగో కలిపినా నేరుగా పోయిన దూరానికి పది కిలోమీటర్లు కూడా తేడా రాదు. ఢిల్లీ దాదాపు దారి మీదే ఉంది. కాబట్టి మీకు ఆలస్యమయ్యేది దూరం వల్ల కాదు, విమానాశ్రయంలో తరువాతి విమానం కోసం కూర్చోవటం వల్ల. టిక్కెట్టు కొనేటప్పుడు చూడవలసింది ఆ నిరీక్షణ గంటలే. మరీ తక్కువైనా మన నడకకు ఇబ్బంది. రెండు గంటల కంటే తక్కువ ఉన్న టిక్కెట్టు నేనయితే తీసుకోను.

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయింది. అంతకుముందు మనకు బేగంపేటే గతి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా వారు హైదరాబాదు నుంచి షికాగోకు నేరుగా ఒక విమానం నడిపారు. అది ఎక్కువకాలం సాగలేదు. ఎందుకంటే ఇంత దూరం ఒక్క బిగిని పోవటం ఖర్చుతో కూడిన పని. బోయింగ్ 777 రకం దూరప్రయాణ విమానం ట్యాంకుల్లో సుమారు 1,81,000 లీటర్ల ఇంధనం పడుతుంది. ఆ ఇంధనానికీ బరువుంది కదా! ఆ బరువు మోయటానికే ఇంకొంత ఇంధనం కాల్చాలి. పల్లెటూళ్లో ఎడ్లబండి మీద ఎడ్ల మేత కూడా వేసుకుపోయినట్టు. మేత ఎక్కువైతే సరుకుకు చోటు తగ్గుతుంది. ఇక్కడ సరుకు మనమే.

ఇప్పుడు గంటల సంగతి. ఈ విమానాలు గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. దూరాన్ని 900తో భాగించి, లేవటానికి దిగటానికి ఒక అరగంట నుంచి గంట కలిపితే సరిపోవాలి. కాని సరిపోదు. పోయేటప్పుడు దుబాయి నుంచి షికాగోకు సుమారు పదహారు గంటలు. వచ్చేటప్పుడు అదే దూరం, అదే రకం విమానం, సుమారు పదమూడు గంటలు. మొదటిసారి నేను మా అబ్బాయిని అడిగాను, "మూడు గంటలు ఎక్కడ పోయాయిరా?" అని. "గాలి నాన్నా" అన్నాడు.

పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఒక గాలి నది పారుతూ ఉంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటి కూడా వీస్తుంది. దాన్ని ఎదుర్కొని పడమరకు పోతే ఆలస్యం, దానితో కలిసి తూర్పుకు వస్తే తొందర. గోదావరిలో పడవ వాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. 2020 ఫిబ్రవరిలో ఒక తుఫాను వేళ న్యూయార్కు నుంచి లండనుకు ఒక విమానం 4 గంటల 56 నిమిషాల్లో వచ్చి పడింది. మామూలుగా ఆరున్నర, ఏడు గంటల ప్రయాణం అది.

ఇంతకంటే వింత చెబుతాను. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎయిర్ ఇండియా విమానం మొదట్లో పడమరగా, అట్లాంటిక్ మీదుగా పోయేది. సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. కాలం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలయింది! దూరం పెరిగి కాలం తగ్గటం మన టి.ఏ. నిబంధనలకు అందే విషయం కాదు. ఆ బిల్లు నా బల్ల మీదికి వచ్చి ఉంటే తప్పకుండా అభ్యంతరం రాసి తిప్పి పంపేవాణ్ణి.

దారులు మూతపడటం కూడా ఉంది. 2022లో యుద్ధం వచ్చాక అమెరికా, ఐరోపా విమానాలకు రష్యా తన ఆకాశం మూసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసింది. అప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా పోయే మన విమానాలు అరేబియా సముద్రం మీదికి చుట్టు తిరగవలసి వచ్చి, కొన్ని ఐరోపాలో ఇంధనం కోసం దిగి పోయాయి. అందుచేత నేరుగా పోయే టిక్కెట్టు అని చెప్పినా, మధ్యలో ఇంధనం కోసం దిగుతుందా అని ఒక మాట అడగండి. అడిగితే పోయేదేముంది?

ఈ లెక్కలన్నీ కాలక్షేపానికి చెబుతున్నానని అనుకోవద్దు. ఇవి నాకు అవసరపడిన రోజు ఒకటుంది. అది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, చెప్పటమే మంచిదని నిర్ణయించుకున్నాను.

2016 ఆగస్టులో ఒక మంగళవారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు నల్లగొండలో మా ఇంటావిడ కాలం చేసింది. మా అబ్బాయి షికాగోలో ఉన్నాడు. అక్కడ అప్పటికి సోమవారం మధ్యాహ్నం రెండున్నర. ఫోను చేశాను. "నేను వచ్చేదాకా ఉంచండి నాన్నా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. తెల్లారేసరికి చుట్టాలంతా దిగారు. మా బావగారు పెద్దమనిషి, ఆయన మాట ఇంట్లో ఎవరూ కాదనరు. "అమెరికా నుంచి రావాలంటే మూడు రోజులు పడుతుంది బావా, అంతదాకా ఉంచటం ఆమెకు మంచిది కాదు, పొద్దు వాలేలోపు కానిద్దాం, చిన్నవాడు ఉన్నాడుగా తలకొరివికి" అన్నారు. పురోహితులవారు కూడా అదే మాట. వాళ్లను తప్పు పట్టటానికి లేదు. మూడు రోజులని అందరూ అనుకునే మాటే.

నేను గోడకున్న క్యాలెండరులో జూలై కాగితం చింపి వెనక లెక్క వేశాను. వాడు ఎక్కింది సోమవారం రాత్రి ఎనిమిదిన్నర విమానం. మన గడియారంలో మంగళవారం ఉదయం ఏడు. దుబాయికి పదమూడు గంటలు, అంటే రాత్రి ఎనిమిది. అక్కడ మూడున్నర గంటలు ఆగాలి, పదకొండున్నర. హైదరాబాదుకు మూడున్నర గంటలు, వేకువ మూడు. సామాను ఏమీ తీసుకోలేదు కాబట్టి బయటికి రావటానికి ఒక గంట. శంషాబాదు నుంచి నల్లగొండకు కారులో రెండున్నర గంటలు. అన్నీ కలిపి బుధవారం ఉదయం ఆరున్నరకు, ఏడుకు మధ్య ఇంటి గుమ్మంలో ఉంటాడు. ఆ కాగితం బావగారి చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ముప్పై గంటలే కదా, ఐసు పెట్టె తెప్పించండి" అన్నారు.

ఏడు కావటానికి పది నిమిషాలు ఉండగా కారు వచ్చి ఆగింది.

ఆ పైన చెప్పటానికి ఏమీ లేదు. కాని ఈ సభలో పిల్లలు దూరదేశాల్లో ఉన్నవాళ్లు సగానికి పైగా ఉన్నారు. మీ పిల్లల ఊరు నుంచి మీ గుమ్మానికి ఎన్ని గంటలో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కిలోమీటర్లు కాదు, గంటలు. ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసేటట్టు పెట్టండి. ఆ సమయానికి మనం లెక్క వేసే స్థితిలో ఉండకపోవచ్చు. లేదా లెక్క మన గురించే కావచ్చు.

ఇక టిక్కెట్టు చదవటం. టిక్కెట్టు మీద ఏ ఊరి గడియారం ఆ ఊరిదే. షికాగో మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మార్చిలో రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. వేసవిలో మీరు ఇక్కడ వేకువ నాలుగింటికి బయల్దేరితే అక్కడ అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు దిగినట్టు టిక్కెట్టు మీద ఉంటుంది. పన్నెండున్నర గంటలే అని సంతోషించకండి, దానికి పదిన్నర కలపాలి, ఇరవైమూడు గంటల ప్రయాణం. తిరిగి వచ్చేటప్పుడు శనివారం రాత్రి ఎక్కితే సోమవారం వేకువ దిగుతారు. ఆదివారం ఎటు పోయిందని వెతకొద్దు.

మందులు వేసుకునేవాళ్లకు ఈ గడియారాల గొడవే పెద్ద చిక్కు. నేను చేసే పని ఏమిటంటే, చేతి గడియారం దిగేదాకా మన టైములోనే ఉంచుతాను. బి.పి. మాత్ర దాని ప్రకారమే. అక్కడికి వెళ్లాక ఏ టైముకు మార్చుకోవాలో బయల్దేరకముందే డాక్టరుగారిని అడిగి రాయించుకుంటాను. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తప్పనిసరిగా ముందే అడగాలి. ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే పెట్టుకోవాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు. విమానం అడుగున సామాను ఉండే చోట చలికి గడ్డకడితే అది పనికిరాదు. మందుల చీటీ కూడా వెంట ఉండాలి.

విమానం లోపలి గాలి నేల మీది గాలిలా ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఊటీలో కూర్చున్నట్టు అనుకోండి, అయితే తోటలు ఉండవు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఊటీలో పదహారు గంటలు కూర్చోగలనా అని ఆలోచించుకుని, డాక్టరు మాట తీసుకుని బయల్దేరాలి.

రెండోది కాళ్లు. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. భయపడనక్కరలేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది సుమారు ఆరువేల మందిలో ఒకరికి. కాని మన వయసుకు, ఇటీవల ఆపరేషను అయినవాళ్లకు, క్యాన్సరు ఉన్నవాళ్లకు ఆ లెక్క వేరు. నడవా పక్క సీటు అడిగి తీసుకోండి. గంటకో రెండు గంటలకో ఒకసారి లేచి ఆ చివరిదాకా నడవండి. కూర్చున్నప్పుడు కూడా కుట్టుమిషను తొక్కినట్టు మడమలు ఆడిస్తూ ఉండండి. నీళ్లు తాగితే మాటిమాటికి లేవాలని మన ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు. అమ్మా, లేవటమే కావలసింది!

చక్రాల కుర్చీ అడగటానికి సిగ్గుపడవద్దు. దానికి డబ్బు తీసుకోరు. టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పాలి, లేదంటే కనీసం 48 గంటల ముందు. విమానాశ్రయాల్లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడక మన ఊరి బస్టాండు నుంచి రైల్వే స్టేషనుకు నడిచినట్టే. అయితే కుర్చీ ఇచ్చారు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. రెండోసారి వెళ్లినప్పుడు నన్ను ఒక విమాన సంస్థవారు, పేరు ఎందుకు లెండి, మధ్య ఊళ్లో ఒక మూల కూర్చోబెట్టి ఎటో వెళ్లిపోయారు. గంటన్నర తరువాత మా అబ్బాయి రాసిచ్చిన కాగితం చూపించి ఇంకొక కుర్రవాణ్ణి పిలుచుకోవలసి వచ్చింది. విమానం నంబరు, గేటు, బయల్దేరే టైము, కొడుకు ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం జేబులో ఉండాలి. ఫోనులో ఉంది కదా అంటే, ఆ ఫోను అప్పుడే ఆగిపోతుంది.

పెన్షనర్లం కాబట్టి ఒక చివరి సంగతి. ఆరు నెలలు ఉండి వద్దామని వెళతాము. ఇక్కడ ఏటా సజీవ ధృవపత్రం ఇచ్చే నెలలు మధ్యలో వచ్చి పడతాయి. గడువు ఎప్పుడో మీ ట్రెజరీలో గాని బ్యాంకులో గాని కనుక్కుని, వీలైతే ఇచ్చే బయల్దేరండి. వీలుకాకపోతే అక్కడ భారత కాన్సులేటు అధికారి చేత రాయించి పంపే పద్ధతి ఉంది. షికాగోలో మన కాన్సులేటు ఉంది. ముప్పై ఆరేళ్లు ఇటువైపు కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, పత్రం రాకపోతే పెన్షను ఆపటానికి ఒక్క నెల చాలు, తిరిగి మొదలుపెట్టించటానికి అంతకంటే చాలా ఎక్కువ ఓపిక కావాలి.

మన సంఘంలో ఒక మిత్రుడున్నారు. ఎవరో మీకందరికీ తెలుసు, ముందు వరుసలోనే కూర్చున్నారు. ఆయన కూతురు నాలుగేళ్లుగా టిక్కెట్టు పంపుతానంటోంది. ఈయన "అంత దూరం నావల్ల కాదు" అంటున్నారు. ఈయన మాత్రం మోకాళ్లు నొప్పులంటూనే కిందటేడు ప్యాసింజరు రైల్లో కాశీకి వెళ్లి వచ్చారు. అది ఎన్ని గంటలో ఆయనే చెప్పాలి. ఆయన కూతురు ఉండేది డల్లాసు. దాని లెక్క ఇప్పుడే వేద్దాం.

కార్యదర్శిగారూ, ఆ బల్ల మీది గ్లోబు ఇటు అందించండి. దారం నా సంచిలో ఉంది. డల్లాసు కొలిచాక మెల్‌బోర్నువాళ్లు, లండనువాళ్లు వరుసగా రండి.